వెచ్చబడేదాకా

వరాలు ఆ సీసాని చేత్తో ముట్టుకోదు.

జరపాలంటే కొంగు చుట్టుకుని జరుపుతుంది. మూతికి కట్టిన పల్చటి గుడ్డ సర్దాలంటే పుల్లతో సర్దుతుంది. కాచి చల్లార్చిన తియ్యటి టీ అందులో పొయ్యాలంటే గరిటె కాడ చిట్టచివర పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని పోస్తుంది. తెలియనివాళ్ళు చూస్తే సీసాలో పాముందనుకుంటారు.

సీసాలో ఉన్నది తల్లి.

పంచదార వేసి కాచిన టీ మీద దిబ్బరొట్టెలా గుండ్రంగా, తాటిముంజెలా జారుడుగా తేలే ఒక పొర. ఆ ఇంట్లో దాన్ని తల్లి అంటారు. తల్లి ఉన్న టీ కొన్నాళ్ళు ఊరితే పుల్లబడుతుంది, నాలుక మీద చిటపటమంటుంది. మంచు చూడ్డానికి పట్నం నుంచి వచ్చేవాళ్ళు దాన్ని కొంబుచా అని ముద్దుగా పిలిచి ఫొటోలు తీసుకుంటారు. ఆ ఇంట్లోవాళ్ళకి అది పుల్లటీ. పొద్దున్న చోడంబలి తాగాక తలా ఒక గ్లాసు.

ఇల్లంటే చింతపల్లి మన్యంలో, కాఫీ తోటల మధ్య, పూర్వం ఎవరో తోటదొర కట్టుకున్న రాతిబంగళా. తన దేశపు చలి మీద బెంగపెట్టుకుని కట్టాడో ఏమో, గోడలు మూరెడు మందం. ఒకసారి లోపలికొచ్చిన చలికి మళ్ళీ బయటికి దారి దొరకదు. దొర పోయాడు, దొర పొయ్యిగొట్టం పూడుకుపోయింది, చలి మాత్రం ఇంటిమనిషిలా మిగిలిపోయింది.

ఇప్పుడా ఇంట్లో ఉండేది సుమేధమ్మ. బౌద్ధ భిక్షుణి. గుండు తల, ముదురెరుపు వస్త్రం. బొబ్బిలి పక్క పల్లెలో పుట్టి, పెళ్ళిచూపుల నాడు ఇల్లు వదిలి, ఎక్కడో మంచుకొండల్లో భిక్షుణుల మఠంలో సగం ఆయుష్షు గడిపి, ముసలితనంలో ఈ కొండెక్కింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆస్తి ఆ తల్లి ఒక్కటే. అన్నేళ్ళు తెలుగు మాట్లాడే తోడు లేక ఆమె తెలుగు ఎండిన వడియంలా అయిపోయింది. చిన్నది, గట్టిది, పాడవనిది.

ఆమెతో పాటు సన్యాసమ్మ ఉంటుంది. వంటా వార్పూ చూసుకుంటుంది. "పుట్టిననాడే మా అయ్య పేరెట్టేసినాడు, ఇంక నాకు దీచ్చలెందుకు" అని గుండు చేయించుకోకుండా జుట్టు ముడేసుకుని తిరుగుతుంది. కొత్తగా వచ్చింది వరాలు.

ఆ ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ మొదటి చలికాలం తల్లిని అప్పగించడం సుమేధమ్మ పద్ధతి. ధ్యానం, ధర్మం, ఊపిరి గమనించడం, అన్నీ ఆ తర్వాతే.

మరి వరాలు చెయ్యి మంచిది కాదు.

ఈ సంగతి ఆమెకి పుట్టుకతో తెలీదు. పెళ్ళయ్యాక తెలిసింది. అత్తవారింట్లో పెరుగు గడ్డలా తోడుకున్న రోజున గేదె మంచిది, తోడుకోని రోజున కోడలి చెయ్యి చెడ్డది. ఆవకాయకి బూజు పడితే జాడీ తడిగా ఉందా అని ఎవరూ చూడలేదు, ఎవరు కలిపారని అడిగారు. దూడ చచ్చిపోతే దానికి గడ్డి వేసిందెవరని అడిగారు. ఆఖరికి మొగుడు సారా తాగి తిరిగొస్తూ కాలవలో పడి పోతే, పొద్దున్న వాడికి అన్నం పెట్టిందెవరని అడిగారు. సారా పోసిందెవరని మాత్రం అడగలేదు. ఆ కొట్టు వాళ్ళ మేనమామది.

అలాగని ఆ చేతిని ఊరికే ఉంచలేదు. పేడ తియ్యడానికి పనికొచ్చింది. మంచాన పడ్డ అత్తగారి గుడ్డలు ఉతకడానికి పనికొచ్చింది. చెయ్యి చెడ్డదే గాని దాని చాకిరీకి ఏ దోషమూ అంటలేదు.

అనగా అనగా, అనేవాళ్ళు కాసేపు ఊరుకున్నా వినేమనిషికి వినబడుతూనే ఉంటుంది. వరాలు తన చేతుల్ని తనే ఓరగా చూసుకునేది, కరుస్తుందని పేరుపడ్డ పక్కింటి కుక్కని చూసినట్టు. కాఫీ పళ్ళు కోసే కూలీల జట్టుతో కొండెక్కి, జట్టు దిగిపోయినా తను దిగలేదు. వంటింటి వసారాలో కూర్చుంది. సన్యాసమ్మ అంబలి పోసింది. సుమేధమ్మ పేరడిగింది. ఇంకేమీ అడగలేదు.

వలిసె పూలు కొండంతా పచ్చగా విరగబూసిన రోజుల్లో బావ వచ్చాడు. మొగుడికి అన్న, పేరు అప్పలకొండ. వరాలు తలుపు వెనక నక్కింది. అప్పలకొండ వాకిట్లో నిలబడి, కిటికీ దగ్గరికొచ్చి, లోపలికి వినబడేలా అన్నాడు.

"దాక్కో, దాక్కో. ఎన్నాళ్ళు దాక్కుంటావో సూత్తాను. నీ సెయ్యి పడ్డ ఏ ఇల్లు నిలబడిందే? ఈ ముసలమ్మ నిన్ను తరిమేసిన్నాడు నేనే వచ్చి తీసుకెల్తాను. పుష్యమాసం సంతకి మళ్ళీ జీపెక్కుతాను. బట్టలు సర్దుకుని ఉండు."

మర్నాడు పొద్దున్న సుమేధమ్మ సీసా తెచ్చి వరాలు ముందు పెట్టింది.

"ఇది నీ దగ్గరుంచు."

వరాలు రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది. "నాకొద్దమ్మా. నా సెయ్యి మంచిది కాదు."

"తెలుసు. నిన్న కిటికీ దగ్గర చెప్పాడు."

"మరి?"

"చలికి పడుకుంటుంది. వెచ్చగా ఉంచు."

అంతే. సుమేధమ్మ వెళ్ళిపోయింది. ఎలా వెచ్చగా ఉంచాలో చెప్పలేదు. వరాలు తను అప్పా అని, అక్కలా పిలుచుకునే సన్యాసమ్మ వెంట పడింది.

"పొయ్యి పక్కన ఎట్టకు" అంది సన్యాసమ్మ చోడిపిండి జల్లిస్తూ. "పొగకి బూజడతాది, సెగకి ఉడికిపోతాది. పొయ్యికి దూరంగానూ ఎట్టకు, సలికి గుడ్లు తేలేస్తాది."

"మరెక్కడెట్టమంటావప్పా?"

"నాకేటి తెలుసు. నాకిచ్చిన ఏడు నాను బతికించుకున్నాను. ఎలాగని అడక్కు. సెప్తే అమ్మ ఊరుకోదు."

"అప్పా, ఇది సచ్చిపోతే ఏటవుతాది?"

సన్యాసమ్మ జల్లెడ దులిపింది. "ఏటవుతాది, ఎత్తి కొండ కింద పారబొయ్యడమే."

ఎవరిని అని వరాలు అడగలేదు. అడగక్కర్లేకుండానే తెలిసింది.

చలి దిగింది. మొదట ఆకుల మీద, తర్వాత గడ్డి మీద, తర్వాత మనుషుల మీద. పొద్దుటిపూట ఎదుటి చెట్టు కనబడదు. బిందెలో నీళ్ళు చేతిని కొరుకుతాయి. గదిలో మూలన పీట మీద సీసా, దాని పక్కన నేల మీద గోనెసంచి పరుచుకుని వరాలు.

ఆమె మొదట తన శాలువా సీసాకి చుట్టింది. మర్నాడు టీ మీద బుడగలు తగ్గినట్టు కనిపించాయి. గొంగళి చుట్టింది. ఇంకా తగ్గాయి. ఇంటినుంచి తెచ్చుకున్న పాతచీరల బొంత చుట్టింది. సన్యాసమ్మ ఇచ్చిన రగ్గు చుట్టింది. అన్నిటి మీదా గడ్డి కూరిన గోనె చుట్టి తాడు కట్టింది. తనకి ఒంటి మీదున్న చీర మిగిలింది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పళ్ళు టకటకమంటుంటే కొంగు నోట్లో కుక్కుకుని పడుకునేది. పళ్ళ చప్పుడు తల్లికి వినబడితే దడుచుకుంటుందేమోనని భయం.

నవ్వకండి. ఇంట్లో ఉన్న ఆఖరి ముద్ద, ఆఖరి దుప్పటి, ఆఖరి వేడినీళ్ళ చెంబు ఎవరికి చెందాలో మన ఆడపిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. ఎవరికి చెందకూడదో నేర్పుతారు. మిగతాది వాళ్ళే నేర్చుకుంటారు.

ఒకరోజు గోనె విప్పి, రగ్గు విప్పి, బొంత విప్పి చూసేసరికి తల్లి పైన లేదు.

అడుగున ఉంది. సీసా అడుగున పక్కకి ఒరిగి, బూడిదరంగు తేలి, చలనం లేకుండా. బుడగ లేదు. వంగి వాసన చూసింది. పులుపు వాసన లేదు. నీళ్ళటీ వాసన.

వరాలు పీట దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. చచ్చిపోయింది. ముట్టుకోకపోయినా చచ్చిపోయింది. అంటే ముట్టుకోనక్కర్లేదన్నమాట, తను పక్కనుంటే చాలు. అత్తగారు నిజమే చెప్పింది.

గబగబా మళ్ళీ అన్నీ కప్పేసింది. మొదటికంటే బిగించి తాడు కట్టింది.

"ఎలా ఉంది?" అని సుమేధమ్మ అడిగింది, రోజూ అడిగినట్టే.

"బాగుందమ్మా."

"ఊరిందా?" అని సన్యాసమ్మ అడిగింది. "పుల్లటీ తాగి ఎన్నాళ్ళయిందో, నోరు సప్పబడిపోయింది."

"ఇంకా లేదప్పా."

ఆ రోజునుంచి వరాలుకి రెండు చప్పుళ్ళు తప్ప ఇంకేవీ వినబడలేదు. ఒకటి, సుమేధమ్మ చెక్కచెప్పుల చప్పుడు, ఈ గది వైపు వస్తోందా లేదా అని. రెండోది, ఘాట్ మలుపులో జీపు హారన్. సంత రోజు కాకపోయినా హారన్ వినబడితే చేతిలో పని ఆగిపోయేది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయేది. కొండ కింద అత్తవారింటికి వెళ్తే ఏముందో ఆమెకి తెలుసు. పేడతట్ట, మంచం, ఆ గది వాసన, పొద్దున లేచిన దగ్గర్నుంచి తన చేతి మీదే అందరి కళ్ళు. ఈసారి వెళ్తే మళ్ళీ కొండెక్కే జట్టు ఉండదు. తలుపు గడియ బయట వేస్తారు.

పుష్యమాసం సంత రోజు తెల్లారింది. తెల్లారిందని గడియారం చెప్పింది గాని కిటికీలో అంతా పాలే. చెక్కచెప్పుల చప్పుడు వరండా దాటింది, నడవా దాటింది, గుమ్మం దగ్గర ఆగింది.

సుమేధమ్మ లోపలికొచ్చింది. నేల మీద గోనెసంచి, దాని మీద వణుకుతున్న మనిషి, పక్కన పీట మీద బట్టల కొండ. రెంటినీ చూసింది. బట్టల కొండ ముందు కూర్చుని తాడు విప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, విప్పకమ్మా!"

సుమేధమ్మ గోనె తీసి పక్కన పెట్టింది. రగ్గు తీసింది. బొంత తీసింది. గొంగళి తీసింది. శాలువా తీసింది. తొందర లేదు, ఒక్కొక్కటీ మడతపెట్టింది. ఆఖరికి గాజుసీసా బట్టల్లేకుండా నిలబడింది, అడుగున తల్లితో.

వరాలు ఆమె కాళ్ళ మీద పడిపోయింది. "సచ్చిపోనాదమ్మా. నానే సంపేసినాను. ఎన్నాళ్ళయిందో సెప్పకుండా దాచినాను. నన్ను పంపీకమ్మా. పేడ తీస్తాను, కట్టెలు తెస్తాను, దానెదరకి మాత్రం రాను. ఇంక ఏ సీసా ముట్టుకోను. అమ్మా, ఇయ్యాల సంత."

సుమేధమ్మ అరచెయ్యి సీసాకి ఆనించింది.

"చచ్చిందో లేదో నాకు తెలీదు" అంది. "చల్లగా ఉంది."

లేచి బయటికి వెళ్ళింది. కాసేపటికి చేటలో ఒక రాయి పెట్టుకుని వచ్చింది. వాకిట్లో కాళ్ళు కడుక్కునే చోట ఉండే గుండ్రాయి. పైన ఉప్పు చల్లినట్టు తెల్లగా మంచు పేరుకుని ఉంది. దాన్ని పీట మీద, సీసా పక్కన పెట్టింది. రాయికి శాలువా చుట్టింది. గొంగళి చుట్టింది. బొంత చుట్టింది. రగ్గు చుట్టింది. గోనె చుట్టి తాడు కట్టింది. వరాలు కట్టినట్టే, అంతే బిగించి.

"వెచ్చబడ్డాక పిలువు" అని వరండాలోకి పోయింది.

వరాలు రాయి ముందు కూర్చుంది. పిచ్చిదాన్నయ్యానేమో అనుకుంది. ముసలామెకి మతిపోయిందేమో అనుకుంది. ఏది నిజమైనా జీపు ఆగదు. చెవులు మలుపు వైపు పెట్టి కూర్చుంది.

సన్యాసమ్మ చీపురుతో వచ్చి గుమ్మంలో ఆగింది. "ఒలే, ఏటది?"

"రాయప్పా."

"రాయికి రగ్గేటే? జ్వరమొచ్చిందా?"

వరాలుకి నవ్వు రాలేదు. సన్యాసమ్మే నవ్వుకుని, ఏదో అనబోయి, వరండా వైపు చూసి నోరుమూసుకుని వెళ్ళిపోయింది.

పొద్దెక్కింది. మంచు కాస్త విచ్చి వాకిట్లోకి బెల్లం పాకంలాంటి ఎండ జారింది. వాకిట్లో రాళ్ళన్నీ తడిసి, ఆరి, మామూలు రాళ్ళయిపోయాయి. వరాలు ఇంక ఉండబట్టలేక తాడు విప్పింది. గోనె, రగ్గు, బొంత, గొంగళి, శాలువా.

రాయి మీద మంచు అలాగే ఉంది. తెల్లగా, ఉప్పు చల్లినట్టు.

"అమ్మా!"

సుమేధమ్మ వచ్చి చూసింది. "చలిని బాగా దాచిపెట్టాం" అంది.

ఆమె రాయిని తీసి కిటికీలోంచి వాకిట్లోకి వదిలేసింది. తర్వాత వరాలు భుజం పట్టుకుని గోడకి ఆనించి కూర్చోబెట్టింది. సీసా ఎత్తింది.

"చేతులు పట్టు."

"నా సేతులా?"

"నావి ముసలివి. వేడి లేదు."

వరాలు చేతులు చాపలేదు. సుమేధమ్మ ఎదురుచూడలేదు కూడా, సీసాని ఆమె ఒళ్ళో పెట్టేసి వదిలేసింది. వదిలేస్తే పడుతుంది. పడితే పగులుతుంది. వరాలు చేతులు వాటంతటవే వచ్చి సీసాని పొట్టకేసి అదుముకున్నాయి. గాజు చల్లదనం చీరలోంచి, చర్మంలోంచి వెన్నుదాకా దిగింది. "అమ్మో" అంది.

సుమేధమ్మ శాలువా కప్పింది, వరాలునీ సీసానీ కలిపి. గొంగళి కప్పింది. బొంత కప్పింది. రగ్గు మెడదాకా లాగి అంచులు వీపు వెనక దోపింది.

"మంచుకొండల్లోంచి దీన్ని ఎలా తెచ్చాననుకున్నావు?" అంది. "బస్సులో ఒళ్ళో పెట్టుకుని."

గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"వెచ్చబడేదాకా లేవకు."

వరాలు కూర్చుంది. మొదట అంతా వణుకే. ఆమె వణికితే సీసాలో టీ వణికింది. రెంటిలో ఏది ముందు వణుకుతోందో తెలీలేదు. చేతులు తీసేద్దామనుకుంది, తీస్తే జారుతుంది. ఇన్నాళ్ళూ కొంగుతో, పుల్లతో, గరిటెతో తప్పించుకున్న చేతులు ఇప్పుడు పది వేళ్ళూ పరుచుకుని గాజుకి అంటుకుని ఉన్నాయి. చచ్చినదాన్ని పట్టుకున్నాను అనుకుంది. తర్వాత, చచ్చినదైతే ఇంక నేను చెయ్యగల పాపమేముంది అనుకుంది. ఆ ఆలోచనకి చేతులు కొంచెం వదులయ్యాయి. వదులైతే ఇంకా బాగా అంటుకున్నాయి.

పుట్టిన దగ్గర్నుంచి గొంగళి వెచ్చగా ఉంటుందనుకుంది. ఎన్ని చలికాలాలు దాన్ని కప్పుకుని, అబ్బ ఎంత వెచ్చగా ఉందో అనుకుంటూ పడుకుంది. అదంతా ఎవరి వేడి?

వణుకు ఎప్పుడు ఆగిందో గమనించలేదు. బయట సన్యాసమ్మ ఏదో కోడిని తిడుతోంది. ఒళ్ళో బరువు ఒళ్ళో బరువులాగే ఉంది. గాజు ఎక్కడ ఆగుతోందో, పొట్ట ఎక్కడ మొదలవుతోందో వేళ్ళకి తెలియడం మానేసింది.

మలుపులో హారన్ మోగింది.

వరాలు లేవబోయింది. తలుపు వెనక్కి పోవాలి. బొంతా రగ్గూ కాళ్ళకి చుట్టుకున్నాయి, ఒళ్ళో సీసా. ఆ లోపలే వాకిట్లో గొంతు వినబడింది, నడవాలో అడుగులు వినబడ్డాయి. గుమ్మంలో అప్పలకొండ నిలబడ్డాడు. నెత్తిన మంకీక్యాపు, మెడలో తువ్వాలు, చేతిలో సంతలో కొన్న అల్లం కట్ట.

"ఇక్కడున్నావా. అదేటే, ఒళ్ళో? గుడ్లు పొదుగుతున్నావా?"

వరాలు రగ్గు కింద సీసాని ఇంకా దగ్గరికి అదుముకుంది.

"లెగు. జీపు ఆపించినాను. మీ అత్తకి మరీ బాగోలేదు. మంచంలోంచి లెగనేకపోతంది."

"అక్క ఉంది కదా బావా." తోటికోడల్ని అనడం అది. మాట తనదేనా అనిపించేంత సన్నగా వచ్చింది.

"దానికి పిల్లలు. దానివల్ల కాదు."

"నాను అన్నమెడితే మనుషులు సచ్చిపోతారు కదా బావా. అత్తకి ఏటైనా అయితే?"

అప్పలకొండ మంకీక్యాపు లోపల గోక్కున్నాడు. "అయన్నీ పాతమాటలు. ఆడోళ్ళు ఏదో అనుకుంటారు. నువ్వు లెగు."

వరాలు గుమ్మం అవతలికి చూసింది. వరండాలో సుమేధమ్మ చేటలో కాఫీ గింజలు ఏరుతోంది. గింజ తర్వాత గింజ. తల ఎత్తలేదు. నడవాలో సన్యాసమ్మ గరిటె పట్టుకుని నిలబడింది గాని ఆమె కూడా సుమేధమ్మ వైపే చూస్తోంది. ఎవరూ రారని వరాలుకి అర్థమైంది. గుండె గట్టిగా కొట్టుకుంది. ఆ కొట్టుకోవడం గాజుకి తగిలి తిరిగి చేతికొచ్చింది.

"ఏటి సూత్తావు? ఆళ్ళేటి సేత్తారు? నీకు నాను సెప్తన్నాను." అప్పలకొండ రెండు అంగలు వేసి రగ్గు అంచు పట్టుకున్నాడు.

"ముట్టుకోకు."

గొంతు సన్నగా లేదు ఈసారి. అతను ఆగిపోయాడు. బెదిరి కాదు, అలవాటు లేక.

"నీ సెయ్యి సల్లగా ఉంది బావా. బయటినుంచొచ్చినావు. తగిలితే ఇది సచ్చిపోతాది."

"ఏది?"

"తల్లి."

అప్పలకొండ ఆమె మొహంలోకి చూశాడు. పిచ్చెక్కిందేమోనన్న అనుమానంతో చెయ్యి వెనక్కి తీసుకుని, తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"ఇంకా వెచ్చబడలేదు" అంది వరాలు. "వెచ్చబడేదాకా లెగను."

"ఎప్పుడు వెచ్చబడతాది?"

"నాకు తెలీదు."

"గంటా? రెండు గంటలా?"

"తెలీదు బావా. కూకో. ఉంటావా?"

అప్పలకొండ గది చూశాడు. కూర్చోవడానికి పీట తప్ప ఏమీ లేదు, దాని మీద కరిగిన మంచు తడి. నోట్లోంచి ఆవిరి వస్తోంది. హారన్ మళ్ళీ మోగింది, ఈసారి ఆపకుండా. జీపువాడు ఎవరికోసమూ ఆగే రకం కాదు. అప్పలకొండ గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ వెళ్ళాడు.

"మళ్ళీ సంతకొస్తాను."

"అప్పటికి వెచ్చబడితే సూద్దాం" అంది వరాలు.

నడవాలో సన్యాసమ్మ కిసుక్కుమంది. అడుగుల చప్పుడు వాకిలి దాటింది. జీపు ముందుకి ఉరికిన చప్పుడు, మలుపు తిరిగిన చప్పుడు, తర్వాత కోడి చప్పుడు.

ఇప్పుడు వణుకు వచ్చింది వరాలుకి, ఇందాకటి చలి వణుకు కాదు. పళ్ళు టకటకమన్నాయి. కొంగు నోట్లో కుక్కుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అలాగే వణికింది, గట్టిగా, చప్పుడయ్యేలా.

చెక్కచెప్పులు నడవాలోంచి వచ్చాయి. సుమేధమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది. రగ్గు అంచు ఎత్తి చెయ్యి లోపలికి పోనిచ్చింది. రగ్గు, బొంత, గొంగళి, శాలువా దాటి ఆ ముసలిచెయ్యి వరాలు వేళ్ళ పక్కన గాజుని తాకింది. అలాగే ఉండిపోయింది. ఎత్తిన అంచులోంచి పలచగా, సూదిలా, పులుపు వాసన బయటికొచ్చింది.

"ఎప్పటినుంచి వెచ్చగా ఉంది?"

వరాలు తల దించుకుంది.

"ఆయన రాకముందునుంచే అమ్మా."

సుమేధమ్మ ఆమె మొహంలోకి చూసింది. చెయ్యి బయటికి తీసుకుంది. జారిన బొంత వరాలు భుజం మీదికి లాగి, అంచు వెనక దోపింది.

"అయితే ఇంకాసేపు కూర్చో" అంది.